చౌడయ్య లెన్సు పొంతన

తిరుత్తణిలో స్టూడియో చౌడయ్యకు ఒకటే జబ్బు. లెన్సుకూ కెమెరాకూ పొంతన చూడనిదే ఫోటో తీయడు. ఊరు ఆంధ్రదా మద్రాసుదా అని జనం గొంతులు చించుకుంటున్న రోజులవి. చౌడయ్యకు మాత్రం ఏ లెన్సు ఏ కెమెరాది అన్నదే సరిహద్దు తగాదా.

ఉన్నది ఒక్క రష్యా కెమెరా, లెన్సులేమో ట్రంకుపెట్టె నిండా. మద్రాసు మూర్ మార్కెట్టులో దిక్కులేని లెన్సు కనబడితే చాలు, వెంట తెచ్చుకునేవాడు. కొండమీద గుండు చేయించబోయే పిల్లకు ఆఖరి జడ ఫోటో తీయమన్నారొకసారి. ఇత్తడి స్కేలుతో అన్నీ కొలిచి పొంతన కుదిర్చేసరికి గుండూ అయింది, మళ్ళీ జుట్టూ పెరిగింది. అప్పుడు తీశాడు. ఏమాటకామాటే, జ్యోతిష్కులు కుదిర్చిన పొంతనలకన్నా ఇతనివే నయం.

అలాంటివాడి దగ్గరికి 1958లో కోకిల వచ్చింది, పాండూరు నుంచి. మొగుడు జయరామ పటాళంలో ఉన్నాడు, పఠాన్‌కోట్‌లో. ఆర్నెల్లుగా అతని జాబుల్లో ఒకటే మాట: అమ్మ మొహం మరిచిపోతానేమో, ఫోటో పంపు. ఆ అమ్మ కుప్పమ్మేమో, ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని నమ్మిన మనిషి. సామి దర్శనమని చెప్పి తీసుకొస్తే, స్టూడియో గడపమీద వీపు తిప్పి కూచుంది.

"మోసం చేసి తెచ్చినావు కదే! నేను సస్తే నీకేమొస్తాది?"

"ఒక్క ఫోటోకి ఎవురూ సావరత్తా."

"మీ మామ ఫోటో తీసుకున్న ఏడాదికే పోయినాడు."

"ఆయనకి డెబ్బై ఆరేండ్లత్తా!"

"ఫోటో లేకుంటే నూరుండేటోడు."

చౌడయ్యకు ఇదేమీ పట్టలేదు. కొలుస్తున్నాడు.

"ఈ జర్మనీ లెన్సు చూడమ్మా. మర బాగానే పట్టింది. పట్టి ఏం లాభం? దీని సొంత కెమెరాలో ఫిలిం దగ్గిర, నా రష్యా కెమెరాలో దూరం. జానెడు దాటితే అంతా మబ్బే."

"అయితే పారెయ్యన్నా!"

"యాడ పారేసేది? తోడు దొరికేదాకా ఉండనీ."

కోకిల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆయన అమ్మ మొహం మర్చిపోతానంటుండాడు. నువ్వు చూస్తే కొలస్తా కూచున్నావు."

చౌడయ్య స్కేలు కింద పెట్టాడు. కుప్పమ్మ వీపు చూశాడు, చేతిలోని లెన్సు చూశాడు.

"పెద్దమ్మా, మొహం వద్దులే. చెయ్యొకటే తీస్తే ఆయిసు ఎంత తగ్గుతాది?"

కుప్పమ్మ చాలాసేపు లెక్క వేసింది. "ఒక పూట."

"పూట పోతే పోనిస్తావా?"

"వాడికి అన్నం పెట్టిన చెయ్యేలే." చెయ్యి వెనక్కి చాచింది. మణికట్టు మీద పచ్చబొట్టు తేలు. "అన్నం మిగిలిస్తే దీన్ని వదుల్తానని బెదిరిస్తా ఉంటి."

జానెడు దూరంలో ఆ జర్మనీ లెన్సు పెట్టి నొక్కాడు. పొంతన లేకుండా చౌడయ్య ఫోటో తీయడం అదే మొదలు.

నెలకు జాబొచ్చింది: "తేలు చేరింది. ఆ పూట మెతుకు మిగల్చలేదు."

ఈసారి కోడల్ని లాక్కొచ్చింది కుప్పమ్మే. "ఆ జానెడు లెన్సే పెట్టు నాయనా. ఈ తడవ ముక్కు. పుడక కనపడాల."

"మంచి లెన్సుంది, మొహమంతా ఒకేసారి తీసేస్తా పెద్దమ్మా."

"వద్దు. కొంచెం కొంచెంగా పంపుదాం. వాడొచ్చేదాకా నేనుండొద్దా?"

ఏడాదిలో కుప్పమ్మ ముక్కలుముక్కలుగా పఠాన్‌కోట్ చేరింది. అన్నీ గోడకు అతికించి జయరామ రాశాడు: "అమ్మ పూర్తయింది. ఎడమ చెవే కొంచెం పెద్దదైనట్టుంది, చౌడయ్యన్నకు చెప్పు."

అది వినగానే చౌడయ్య స్టూడియోకు తాళం వేసి, ఇత్తడి స్కేలు జేబులో పెట్టుకుని తిరువళ్ళూరు రైలెక్కాడు. పాండూరు వెళ్ళి ఆ చెవి కొలవాలి.