కోపానికీ ముహూర్తం పెట్టే మనిషి

మనోంగ్ తెమ్యోంగ్‌కు కోపం వస్తుంది. కోపం అందరికీ వస్తుంది; ఆయనకు మాత్రం ముహూర్తం చూసుకుని మరీ వస్తుంది. పెళ్ళిలో ఏ క్షణాన ఈగ కూడా కదలకూడదో, సరిగ్గా ఆ క్షణాన ఆయన కెమెరా వదిలేసి, అలలు వెనక్కి జరిగేలా అరుస్తాడు. ఏ మనిషి మీదా కాదు. లెన్సు మీద, బ్యాటరీ మీద, గాలి మీద, ఎండ మీద.

మనోంగ్ అంటే మా వైపు అన్న. పెళ్ళి సినిమాలకు ఆయన కెమెరా పడితే నేను శబ్దం పడతాను. అందరి చొక్కాలకూ మైకులు తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటాను. అంటే లోకం ఒకసారి వినే అరుపును నేను పదింతలు చేసుకుని వింటాను. పదమూడేళ్ళుగా ఇదే అన్యాయం.

"మనోంగ్, కాస్త ఆగి అరవకూడదా?" అని ఎన్నిసార్లు అడిగానో.

"కోపం ఏమన్నా పడవా ఇందయ్, టైము చూసి బయల్దేరడానికి?"

జోసెట్ పెళ్ళి పాంగ్లావ్ దీవి తీరంలో మూడు రోజులు. ఆమెది ఈ ఊరే. తండ్రి గోర్యో పడవ నడుపుతాడు, చేపలు పడతాడు. పెళ్ళికొడుకు వాళ్ళు రాజధాని మనీలా వాళ్ళు. ఏర్పాట్లన్నీ పెళ్ళికొడుకు మేనత్త ఒఫీలియా మేడమ్‌వి. సూర్యాస్తమయం కూడా ఆమె జాబితాలో ఉంది, పక్కన నిమిషాలతో సహా.

మొదటి రోజు ఇసుకలో స్వాగత విందు. పెళ్ళికొడుకు తాతగారు రిటైరైన న్యాయమూర్తి. ఎనభై ఆరేళ్ళ మనిషి గ్లాసు ఎత్తి ఆశీర్వదించబోయారు. 'ప్రేమ' అనే మాట దగ్గర ఆయన పై పళ్ళ సెట్టు జారి సూపు గిన్నెలో పడింది. ఇలాంటి దృశ్యం కోసం మా వృత్తి వాళ్ళు కొవ్వొత్తులు మొక్కుకుంటారు.

సరిగ్గా అప్పుడే వెనుక నుంచి గావుకేక.

"ఎవడు పెట్టాడీ లైటు? కళ్ళు పోయాయి నావి! ఇది పెళ్ళా, ఆపరేషనా?"

మనోంగ్ దీపాల కర్రను ఒక్క తన్ను తన్ని, తీగలో కాలు చిక్కుకుని, ఇసుకలో బోర్లా పడ్డాడు. నూట యాభై తలలు అటు తిరిగాయి. అందరూ నవ్వి నవ్వి మళ్ళీ ఇటు తిరిగేసరికి తాతగారు నోటినిండా పళ్ళతో చిరునవ్వు నవ్వుతున్నారు.

"పోయింది మనోంగ్! బంగారంలాంటి దృశ్యం పోయింది!"

"ఏ దృశ్యం? నాకు లైటు తప్ప ఏమీ కనపడలేదు." నోట్లోంచి ఇసుక ఊస్తూ అన్నాడు.

రెండో రోజు పెళ్ళి. సముద్రం గట్టు మీది చిన్న చర్చి. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. వెలుగు ఉప్పు వాసన వేస్తూ లోపలికి వస్తోంది. వధూవరుల ముందు చెరొక కొవ్వొత్తి ముట్టించారు. ఎవరి కొవ్వొత్తి ముందు ఆరితే వాళ్ళు ముందు పోతారని మా నమ్మకం. ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టారు. గాలి ఒక్క చుట్టు తిరిగి జోసెట్ కొవ్వొత్తిని ఆర్పేసింది. చర్చి మొత్తం గుండె పట్టుకుంది. జోసెట్ తల్లి ముఖంలో రక్తం లేదు.

"నేనే ఊదాను!" అని మనోంగ్ లేచాడు. "ఆ మంట వచ్చి నా లెన్సులో పొడుస్తోంది! ఇదేం మైనం, ఇదేం వత్తి! పెళ్ళికొడుకుది కూడా ఆర్పండి! రెండూ మొదటి నుంచి ముట్టించండి, నాకు ఫోకస్ రావట్లేదు!"

ఫాదర్ బిత్తరపోయి పెళ్ళికొడుకు కొవ్వొత్తి కూడా ఆర్పేశారు. కిటికీలు మూయించి రెండూ ఒక్కసారే ముట్టించారు. జోసెట్ తల్లి గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని ఊపిరి వదిలింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది అడుగుల దూరం నుంచి ఊదాడట! బుడగ ఊదమంటే దగ్గు తెచ్చుకునే మనిషి!

బయటికి రాగానే ఒఫీలియా మేడమ్ నన్ను పట్టుకుంది.

"దేవుడి ఇంట్లో ఆ అరుపులేంటి? రేపు విందులో మీ మనోంగ్ నోరు ఒక్కసారి లేచిందా, ఇద్దరూ పడవెక్కెయ్యండి. సెబు నుంచి వేరే వాళ్ళని రప్పిస్తాను. ఈ తీరంలో మరే పెళ్ళికీ మిమ్మల్ని పిలవనివ్వను."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. ఇక్కడి హోటళ్ళన్నీ ఆమె మాట వింటాయి. ఆ రాత్రి మనోంగ్‌కు దండం పెట్టాను.

"రేపు ఒక్కరోజు మూగవాడివైపో మనోంగ్. నీకు తెలిసిన పని ఇదొక్కటే. నాకూ ఇదొక్కటే."

"నేనేం కావాలని అరుస్తానా?" అని దానికీ కోప్పడ్డాడు.

మూడో రోజు సాయంత్రం తీరంలో పెద్ద విందు. పంది కాలుతున్న వాసన, కొబ్బరాకుల తోరణాలు. ప్రసంగాలు అయ్యాక మేం తీసిన పెళ్ళి సినిమా తెర మీద వెయ్యాలి. గోర్యో చొక్కాకు మైకు పెడుతున్నాను. హెడ్‌ఫోన్లలో ఆయన గుండె వినిపించింది, రాయికి కొట్టుకునే ఖాళీ పడవలాగా.

"ఇందయ్," అన్నాడు మెల్లగా, "ఒఫీలియా మేడమ్ నా ప్రసంగం రాసిచ్చింది. మూడు పేజీల ఇంగ్లీషు. నాకు చదవడం రాదమ్మా. ఆవిడ మొహం మీద చెప్పలేకపోయాను. వాళ్ళందరి ముందూ నా బిడ్డ తలదించుకుంటుందేమో."

పక్కనే లెన్సు తుడుచుకుంటున్న మనోంగ్ ఆ లెన్సునే ఏదో తిట్టుకున్నాడు.

పిలుపు వచ్చింది. గోర్యో వెళ్ళి నిలబడ్డాడు. పెద్ద చేతుల్లో చిన్న కాగితాలు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. ఒక అల వచ్చి వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది. మనీలా బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. జోసెట్ బల్లగుడ్డ అంచును పిడికిట్లో నలుపుతోంది.

"ఆపండి!"

నా ప్రాణం పోయింది. మనోంగ్ కెమెరా వదిలేసి గోర్యో మీదికి వెళ్ళాడు.

"ఏం కాగితం ఇది! మైకులో అప్పడాలు విరిగినట్టు మోగుతోంది! ఒక్క మాట పడట్లేదు! ఇటివ్వండి! కాగితం లేకుండా చెప్పండి. మన బిసాయా భాషలోనే చెప్పండి, మా మైకుకి ఇంగ్లీషు సరిగా అందదు!"

కాగితాలు లాక్కుని పిర్ర కింద పెట్టుకుని కూర్చున్నాడు. నేను హెడ్‌ఫోన్లను గట్టిగా నొక్కుకున్నాను. అంతకుముందు వచ్చిన శబ్దమంతా మళ్ళీ గుర్తు చేసుకున్నాను. అల, గాలి, గోర్యో గుండె. కాగితం చప్పుడు లేదు. ఎక్కడా లేదు.

సూపు గిన్నె గుర్తొచ్చింది. కొవ్వొత్తి గుర్తొచ్చింది. పదమూడేళ్ళలో ఎన్నెన్ని పెళ్ళిళ్ళో గుర్తొచ్చాయి.

గోర్యో గొంతు సవరించుకున్నాడు.

"నా బిడ్డ చిన్నప్పుడు పడవలో నాతో వచ్చేది. పడిన చేపకల్లా పేరు పెట్టేది. పేరు పెట్టిన చేపని అమ్మనిచ్చేది కాదు, వండనిచ్చేది కాదు. మా ఇంట్లో ఎన్ని రోజులు వట్టి అన్నం తిన్నామో వాళ్ళమ్మనడగండి." పెళ్ళికొడుకు వైపు తిరిగాడు. "బాబూ, నీకేం పేరు పెట్టిందో నాకు తెలీదు. పెట్టిందంటే మాత్రం ఇంక నిన్ను ఎవ్వరికీ ఇవ్వదు."

మనీలా బల్లలే ముందు లేచి చప్పట్లు కొట్టాయి. జోసెట్ నవ్వుతూ ఏడుస్తూ పరిగెత్తి తండ్రిని చుట్టేసుకుంది.

చప్పట్లు తగ్గేలోపే ఒఫీలియా మేడమ్ వచ్చింది. మనోంగ్‌ను పక్కకు నెట్టి, నలిగిన కాగితాలు తీసుకుని, నా చెవి పక్కన ఆడించింది. మెత్తటి ఖరీదైన కాగితం. పట్టుగుడ్డయినా కాస్త చప్పుడు చేస్తుందేమో.

"ఇవి చెవులకి పెట్టుకున్నది నువ్వు కదా? నిజం చెప్పు. ఈ కాగితం మోగిందా?"

మనోంగ్ అటు తిరిగి బ్యాటరీని తిడుతున్నాడు. పదమూడేళ్ళ కచ్చ నా నాలుక చివర ఉంది. ఒక్క మాట చాలు.

"మోగింది మేడమ్," అన్నాను. "పిడుగు పడినట్టు."

ఆమె నన్ను చూసింది. చేపల పేర్లు చెప్పమని గోర్యో చుట్టూ మూగిన తమ వాళ్ళను చూసింది. కాగితాలను నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది.

"సరే. సినిమా వెయ్యండి, టైమవుతోంది," అని వెళ్ళిపోయింది.

ఆమె దూరం వెళ్ళేదాకా ఆగి మనోంగ్ నా మీదికి లేచాడు, ముఖం ఎర్రగా చేసుకుని.

"పిడుగా? కాగితం ఎక్కడైనా పిడుగులా మోగుతుందా? పదమూడేళ్ళుగా పక్కన నిలబెట్టుకుని చూపిస్తున్నాను, ఒక్క అబద్ధం కుదురుగా చెప్పడం రాదు నీకు!"