మగ్గం గుంత మీద అంబాసిడర్

వీరభద్రప్పను మా వీధిలో అందరూ మంచోడంటారు. నిజమే, తాగడు, పేకాడడు. అయినా ఆ మనిషి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. ఆయన భార్య హనుమమ్మ మగ్గం చప్పుడు వింటూనే నేను ఎమ్మిగనూరులో ఇన్నేళ్ళు కాపురం చేశాను.

ఆయనకు నేతపని అబ్బలేదు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు యజమానికి కారు తోలేవాడు. మిల్లు మూతపడ్డాక, షెడ్డు వెనక దుమ్ము కొట్టుకుపోయిన పాత అంబాసిడర్‌ను నువ్వే తీసుకుపొమ్మన్నాడట యజమాని. ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. టైర్లు చీలిపోయాయి, బ్రేకులు పడవు, బానెట్ ఎత్తితే లోపల ఎలుకలు దూదితో కాపురాలు పెట్టి ఉన్నాయి. దాన్ని మళ్ళీ రోడ్డెక్కిస్తానన్నాడు. ఎక్కించుకోనీ, నాకేం?

కానీ బండి కింద పని చెయ్యాలంటే గుంత కావాలి. ఆ ఇంట్లో ఉన్నది మగ్గం గుంత. నేసే మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్ళు అందులోకి దించి పలకలు తొక్కుతుంది. హనుమమ్మ కొత్తకోడలుగా వచ్చినప్పుడు వాళ్ళత్త ఆవిడ కాళ్ళ పొడవు చూసి సరిచేయించిన గుంత అది. ఆ ఇంట్లో అన్నం ఉడికేది ఆ మగ్గం వల్లే. హనుమమ్మ చెల్లెలి కూతురి కాన్పుకని గోనెగండ్ల పోయినప్పుడు, ఈ మహానుభావుడు మగ్గం విప్పేసి, వీధివైపు గోడ పగలగొట్టి, గుంతను నిలువెత్తు లోతున, వెడల్పుగా తవ్వి, బండిని దాని మీదికి తోయించాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. మగ్గానికి బిగించిన నిలువు దారాలు, ఆ పడుగంతా కోసేశాడు. చీర పూర్తికాకుండా పడుగు కొయ్యడమంటే మా నేతోళ్ళ ఇళ్ళల్లో తినే మనిషిని విస్తరి ముందు నుంచి లేపెయ్యడమే.

తిరిగొచ్చిన హనుమమ్మ అదంతా చూసింది. నేనైతే వీధి ఏకం చేసేదాన్ని. ఆవిడ మాత్రం, ఆయన కోసేసిన పడుగును చుట్టి అటక మీద పెట్టి, మర్నాటి నుంచి వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి పోయింది. నాలుగు రోజుల పని అన్నాడాయన. ఏడాది పట్టింది. బ్రేకులు విప్పి బిగించాడు, పెట్రోలు ట్యాంకు తుప్పు కడిగాడు, ఎలుకలు కొరికిన వైర్లన్నీ మార్చాడు. పని తెలిసినవాడే, కాదనను. కానీ కూలి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పని మనిషిని, గుంతలోంచి తల పైకెత్తి అన్నం పెట్టమనేవాడు. గోడకు ఇవతల నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, ఎందుకక్కా ఊరుకుంటావని అడిగేశాను.

"బండి బయటికి పోనీలేమ్మా," అంది.

చివరికి బండి స్టార్టయింది. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఫిట్‌నెస్ పరీక్ష కోసం ఆదోని తీసుకుపోయాడు. బండి సందు మలుపు తిరిగిందో లేదో, మేస్త్రి జయన్న బండలతో దిగాడు. హనుమమ్మ ముందే మాట్లాడి పెట్టుకుందట. అడుగున మట్టి పోసి దిమ్మిస కొట్టి, చుట్టూ బండలు పేర్చి గుంత నోరు చిన్నది చేశాడు. ఆవిడ గట్టు మీద కూర్చుని కాళ్ళు దించి చూసుకుంటూ, ఇంకాస్త, ఇంకాస్త అంటూ పోయింది. నేనూ తట్టలు మోశాను. అంత సంతోషంగా ఎన్నడూ మట్టి మొయ్యలేదు.

సాయంత్రం హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. బండి పాసయిందని వీధి వీధంతా మూగింది. నవ్వుకుంటూ బండిని లోపలికి వెనక్కి తియ్యబోయి, టక్కున బ్రేకు వేశాడు. బ్రేకులు బాగానే పడ్డాయి. హనుమమ్మ గట్టు మీద కూర్చుని ఉంది, కాళ్ళు గుంతలో పెట్టుకుని.

"ఇదేంది? రేపు ఆయిల్ మార్చాలంటే నేను యాడికి పోవాల? పూడ్చేముందు నన్నొక మాట అడగొద్దా?" అన్నాడు, అంతమంది ముందర.

ఆవిడ గొంతు పెంచలేదు.

"తవ్వేటప్పుడు నన్ను అడిగినావా నువ్వు?"