సున్నం కలిపే చెయ్యి

మెదక్‌లో గోడలకు సున్నం వేసే వహీద్ కూతురు ఖమర్ జహాన్. పిల్లల జ్వరం సిరప్ చేసే ఓ చిన్న కంపెనీలో ల్యాబ్ పని ఆమెది. సిరప్‌లో కరగకుండా తేలే మందు రేణువులు ఎంతెంత లావున్నాయో కొలవాలి. మిషన్ లేజర్ వెలుతురు పంపి, అది రేణువులకు తగిలి ఎటు చెదిరిందో చూసి సైజు చెబుతుంది. రేణువు లావైతే మందు అడుక్కు దిగుతుంది, పైపైది తాగిన పిల్లకు జ్వరం తగ్గదు.

చిక్కల్లా ఒకటే. ఒకే సీసాను మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలు వచ్చేవి. ఆడలేక మద్దెల ఓడు అందామంటే, రిపేరు మనిషి వచ్చి మద్దెల బాగానే ఉందని తేల్చిపోయాడు.

"సోమవారం దాక చూస్త. కుదరకపోతే ప్యాకింగ్‌లకు పో," అన్నాడు ల్యాబ్ పెద్ద ఇంద్రకరణ్. డిగ్రీ చదివింది డబ్బాలకు అట్టలు అంటించడానికా అని ఖమర్‌కు ఏడుపొచ్చింది.

ఆదివారం వహీద్ ఇంటి గోడకు సున్నం కలుపుతున్నాడు. సాయం చేద్దామని ఆమె కర్ర అందుకుని గిరగిరా తిప్పింది. ఆయన చెయ్యి పట్టి ఆపాడు.

"గట్ల తిప్పకు బిడ్డా. గుండ్రంగ తిప్పితే గరుకంత అడుగున నడిమిట్ల కుప్పవడ్తది, పైన పల్చటి సున్నపు పాలే మిగుల్తయి. కింది నుంచి పైకి లేపు. జర మెల్లగ, నురుగు రావద్దు."

ఖమర్ నిలబడిపోయింది. ల్యాబ్‌లో తాను ఇన్నాళ్ళూ చేసింది అదే. బీకరును గిరగిరా తిప్పడం, పైనుంచి నాలుగు చుక్కలు తీయడం. పైగా నురుగు బుడగను కూడా మిషన్ లావు రేణువే అనుకుంటుంది.

సోమవారం తండ్రి చెప్పినట్టే కలిపి, పైనుంచి కాక సగం లోతు నుంచి చుక్కలు తీసింది. మూడుసార్లూ ఒకటే లెక్క. ఇంద్రకరణ్ నమ్మక తానూ కలిపి చూశాడు. అదే లెక్క.

"ఈ పద్ధతి కాగితం మీద రాయుండ్రి మేడం, మీ పేరు పెట్టుండ్రి," అన్నాడు.

ఆమె తండ్రి పేరు పెట్టింది. ఇంటికి తెచ్చి చదివి వినిపించింది. "నీ పుణ్యమే నాయినా, నా పని నిలబడ్డది."

వహీద్ సంతోషించాడు గానీ, కాసేపటికి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నాదేముంది బిడ్డా. మొట్టికాయలేసి నేర్పింది కుల్చారం లక్ష్మయ్య. పోయి పదేండ్లాయె. ఆయన పేరు రాసినవా?"

మర్నాడే రాసింది. ఆ కాగితం ఇప్పుడు ల్యాబ్ గోడకుంది. మొన్న తనిఖీకి వచ్చినాయన అది చదివి, లక్ష్మయ్య ఏ కంపెనీ సైంటిస్టని అడిగాడు.

"మా నాయినకు ఉస్తాద్, సార్," అంది ఖమర్.