ముత్తమ్మ బావిలో కొర్రమట్టలు

1949 ఎండాకాలం. పోలీసు యాక్షన్ జరిగి ఎనిమిది నెలలైనా భువనగిరి చుట్టుపక్కల ఊళ్లలో కమ్యూనిస్టు సంఘం వాళ్ల కోసం సోదాలు ఆగలేదు. నేను చేపల శాఖలో ఫీల్డ్‌మన్‌ని. ఏ నీటిలో ఏ చేప బాగా పెరుగుతుందో చూసి రాయడం నా పని. కొర్రమట్టను బావిలో పెంచవచ్చా అన్నది అప్పుడు నా చేతిలో ఉన్న ప్రశ్న.

బావి ముత్తమ్మది. చేపలు పట్టి బతికే కుటుంబం. సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని ఆమె భర్త మల్లయ్యను నల్లగొండ జైల్లో పెట్టారు. కిందటి వానాకాలంలో చెరువు అంచున, తుంగ మధ్య ఎర్రగా కదిలే పిల్లల గుంపును నాకు చూపించింది ఆమే. ఆ వయసు పిల్లలను మేం ఫ్రై అంటాం. తల్లీ తండ్రీ రెండూ వాటి కిందనే కాపలా తిరుగుతాయి.

"పెద్దయి పట్టకు సారూ. అవి పోతే మిగిలిన పిల్లలను కప్పలు బతకనియ్యయి" అంది.

పిల్లలను కొన్ని తెచ్చి బావిలో వదిలాం. నెల తిరక్కుండానే పెద్దవి చిన్నవాటిని మింగసాగాయి. కొర్రమట్ట తన జాతినే తింటుంది. ముత్తమ్మ చిన్నవాటిని బుట్టతో ఏరి పక్క గుంటలో వేసింది. సైజును బట్టి ఇలా వేరు చేయడాన్ని గ్రేడింగ్ అంటారు. ఎండలు ముదిరేసరికి బావిలోవి జానెడు దాటాయి.

ఒకరోజు పొద్దున మిలిటరీ క్యాంపు నుంచి జమాదారు జవాన్లతో దిగాడు. సంఘం వాళ్లు ఆ బావిలో తుపాకులు పడేశారని ఎవరో చెప్పారట. నీళ్లన్నీ తోడాలన్నాడు. ఇందులో చేపలు పెంచుతున్నామన్న శాఖ కాగితం చూపించాను. చదివి నా చేతికే ఇచ్చి, ఉర్దూలో అడిగాడు: "చేపల కింద తుపాకులు ఉండవని ఇందులో రాసి ఉందా?" తుపాకీ దొరికితే ముత్తమ్మను కూడా తీసుకుపోతామన్నాడు.

మోటకు ఎడ్లను కట్టారు. నేను ముత్తమ్మ పక్కకు జరిగి, "అడుగున ఏమన్నా ఉందా?" అని మెల్లగా అడిగాను.

"నాకెర్క లేదు సారూ. ఉన్నా మా ఆయన నాతోని చెప్పడు."

అంతే. వాడకట్టు ఆడవాళ్ల వైపు తిరిగి, "కుండలు తేండ్రి, గోనెలు తడపండ్రి" అని కేకేసింది.

నీళ్లు తగ్గేకొద్దీ బావిలోకి దిగి చేపలను పట్టి పైకి అందించింది. నేను రెండు పెద్ద కుండలు తీసుకుని అంచుదాకా నీళ్లు నింపి, చేపలు దూకకుండా మూతలు బిగించి కట్టాను. ముత్తమ్మ పైకి వచ్చినప్పుడు ఆ కుండలు చూసింది.

"గంత నిండ పొయ్యకు సారూ. పైకొచ్చి గాలి పీల్చుకోవాలె గద."

"ముందు నీళ్లుంటేనే కదా ముత్తమ్మా, బతికేది!" అని విసుక్కున్నాను. ఆమె మళ్లీ బావిలోకి దిగింది.

మధ్యాహ్నానికి అడుగు తేలింది. జవాన్లు బురదంతా కాళ్లతో కెలికారు. ఒక తుప్పు పట్టిన బొక్కెన, తెగిన గొలుసు దొరికాయి. ఇంకేమీ లేదు. బురదలో దాగిన కొర్రమట్ట ఒకటి జమాదారు బూటు పక్కన కదిలితే ఆయన వెనక్కి గెంతాడు. వాళ్లు వెళ్లిపోయాక ముత్తమ్మ బావిగట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అప్పుడు తెలిసింది నాకు, పొద్దుటి నుంచీ ఆమె ఎంత భయాన్ని దిగమింగిందో.

మర్నాటికి బావిలో ఊట మోకాలి లోతు వచ్చింది. చేపలు వదలడానికి మూతలు తీశాం. ముత్తమ్మ చెప్పినట్టు ఆడవాళ్లు గుడ్డ కట్టిన సగం నీళ్ల కుండల్లోవి, తడి గోనెల్లోవి అన్నీ బతికే ఉన్నాయి. నా రెండు కుండల్లోవి ఒక్కటీ మిగలలేదు. పైకి వచ్చి పీల్చడానికి గాలి లేక, నీటిలోనే ఊపిరాడక చచ్చాయి. కొర్రమట్ట తల లోపల గాలి పీల్చే గదుల బొమ్మ నేను పరీక్షలో గీసి పాసయినవాణ్ణే.

ముత్తమ్మ చచ్చినవాటిని ఏరి బుట్టలో వేసుకుంది. "పోనీ సారూ, కూరకన్నా అయితయి" అంది.

బావుల్లో పెంచవచ్చు, సగం నీళ్ల కుండలో ప్రాణంతో సంతకు చేర్చవచ్చు అని రిపోర్టు రాశాను. ముత్తమ్మ పద్ధతిలో అన్నీ బతికాయనీ, నా పద్ధతిలో అన్నీ చచ్చాయనీ కూడా రాశాను. మా ఆఫీసరు ఆ చివరి ముక్క అవసరమా అని అడిగారు.

అవసరమేనన్నాను. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, నా చేతిలో చచ్చినవాటిని రాయకుండా ఏ రిపోర్టూ ముగించలేదు.