ఆ ఒక్క ఓటు

ఆఫీసులో అందరూ ఆయన్ని గుంభనంగారు అంటారు. పార్సిల్ వస్తే, అట్టపెట్టె మీది చిరునామాను గోటితో గీకి, ఆ ముక్కల్ని గ్లాసు అడుగున మిగిలిన టీలో నానబెడితే గాని ఆయన మనసు కుదుటపడదు. ఎవరు ఎవరికి డబ్బు పంపారో మూడో కంటికి తెలియనివ్వని క్రిప్టో నాణేన్ని పుట్టించింది ఆయనే. అందులో ఏ మార్పుకైనా చివరి మాటా ఆయనదే. ఆ పెత్తనాన్ని నాణెం వాడేవాళ్లందరికీ పంచేద్దామని ఆయనే ఓటింగు పెట్టించాడు. వేసినవాళ్లు కూడా తమ ఓటు ఎటు పడిందో రుజువు చూపలేని పద్ధతి కావాలని పట్టుబట్టాడు. "చూపే వీలుంటే, చూపించమని పీకమీద కూర్చుంటారు" అన్నాడు.

పంచాలన్న మాటే నెగ్గింది. వద్దన్న ఓటు ఒక్కటే. ఆఫీసులో చూపులన్నీ ఆయన కుర్చీ వైపు తిరిగాయి. "పైకి పంచుదామంటూనే లోపల పట్టుకుని వేలాడుతున్నాడు" అన్న గుసగుస ఆయన చెవిన పడనే పడింది. సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్పి, "నేను కాదే. కానీ ఎలా చూపించను? ఆ దారి నేనే మూసేశాను" అన్నాడు. ఆ నాణెం వాడేవాళ్లలో ఆయన భార్యా ఒకతె, ఆమెకూ ఓటుంది. "దానికేం, అది మా ఆవిడదని చెప్పేయండి. కాదనడానికి ఎవరి దగ్గర ఏముంది?" అంది ఆమె, బట్టలు మడతపెడుతూ. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తనను కాపాడడానికి అంటోందో, నిజమే ఒప్పుకుంటోందో ఎంత చూసినా అంతు చిక్కలేదు. అడగబోయి, ఆగిపోయాడు.