కొట్టేసిన వాక్యం

మార్చి మొదటి ఆదివారం, జమ్మలమడుగు. ఆరాధన అయ్యాక చర్చిలోనే వీడ్కోలు సభ. ఉన్నవారు: పాస్టరుగారు, సంఘస్థులు, మా పాటల బృందాన్ని ఇన్నాళ్లూ నడిపిన టీచరమ్మ, ఆమెను పులివెందులకు తీసుకెళ్లడానికి వచ్చిన కూతురు, నేను.

టీచరమ్మ గురించి చిన్న పుస్తకం రాసే పని నాకప్పగించారు. రిటైరయ్యాక డైరీతో సహా అన్నీ కంప్యూటర్లో సాదా అక్షరాల్లోనే కొడుతున్నాను. శీర్షిక ముందు హ్యాష్ గుర్తు, లావు అక్షరాలకు అటూ ఇటూ నక్షత్రాలు. ఒక్క కమాండుతో అదంతా వర్డు ఫైలైపోతుంది. రాసింది చెరపడం నాకు అలవాటు లేదు, గీత కొడతానంతే. వాక్యానికి రెండు వైపులా వంకర గీతలు పెడితే, వర్డులో దానిమీద అడ్డగీత పడుతుంది. ఆ పుస్తకంలో అలా కొట్టేసింది ఒకటుంది: ‘ఈ మధ్య ఈమె గొంతు పోయింది, పాడకుంటేనే మేలు.’ అడ్డగీత చూసి ప్రెస్సువాళ్లు వదిలేస్తారనుకున్నాను.

సభకు వారం ముందు ప్రొద్దుటూరు ప్రెస్సు నుంచి ఫోనొచ్చింది. “సార్, మా పాత ఫాంటులోకి మారిస్తే మీ గీతలూ గుర్తులూ ఏవీ నిలబడవు. ఒకసారి ఈడికొచ్చి ప్రూఫు చూసి పోండి.”

“నా ఫైల్లో చూసేదేముందప్పా? కామా కూడా తప్పుండదు. అచ్చెయ్,” అన్నాను గర్వంగా.

సభలో కూతురే పుస్తకం అందుకుని గట్టిగా చదివింది. అడ్డగీత లేకుండానే అచ్చయిన ఆ గొంతు వాక్యం సగం చదివి ఆగిపోయింది.

“ఏందమ్మే ఆగినావు? అచ్చయిందే గదా, చదువు,” అంది టీచరమ్మ. చదివించుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. “ఇంటికొచ్చి చెప్పింటే సరిపోయేది గదన్నా. ఇంతమందికి అచ్చేసి పంచల్నా?”

కొట్టేశానని చెప్పడానికి లేచాను. కొట్టేశానంటే రాశాననే కదా. కూర్చున్నాను. చివరి పాట ఆమెది. పాస్టరుగారు రెండుసార్లు పిలిచినా ఆమె లేవలేదు. ఆమె లేకుండానే పాడుకున్నాం.

మర్నాడు పొద్దున, మిగిలిన పుస్తకాలన్నింటిలో ఆ వాక్యం మీద స్కేలు పెట్టి గీత కొట్టి, ఒకటి తీసుకుని ఆమె ఇంటికెళ్లాను. వాకిట్లో ఆటోకు సామాను ఎక్కిస్తున్నారు. ఆమె పేజీ తిప్పి చూసింది.

“గీత కొట్టినా కనపడతానే ఉండాది గదన్నా,” అంది. పుస్తకం నాకు తిరిగిచ్చి అడిగింది. “ఎప్పట్నుంచి పోయింది నా గొంతు? నీ డైరీలో ఉంటాది గదా.”

ఉంది. ఏ ఆదివారమో కూడా ఉంది.

“గుర్తులేదమ్మా,” అన్నాను. ఆమె తలూపి ఆటో ఎక్కింది. పుస్తకం నా చేతిలోనే ఉండిపోయింది.