చేప తోలు కింద చెయ్యి

దల్వనీరాకి అమ్మ నుంచి వచ్చింది ఒక్క లేసు దిండే. ఎండిన అరటాకులు కుక్కిన గుండ్రటి దిండు. బొటనవేలితో దాని మీద గుండుసూదుల్లా ముళ్లు గుచ్చి, కర్రపుల్లలకి చుట్టిన దారాలు దాటించుకుంటూ లేసు అల్లాలి. కూతురి బాప్తిజం గౌను అంచూ, అమ్మ శవపేటిక మీద కప్పిన గుడ్డ అంచూ ఆ దిండు మీద పుట్టినవే.

జూన్‌లో వచ్చే ఊరి పండగ నాడు మంట మీద మొక్కజొన్న పాయసం కుండ ఒరిగింది. పట్టుకోబోతే కుడి చెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. ఆడపడుచు జుల్మీరా కంగారుగా కాఫీ పొడి అద్దింది. ఫోర్తలేజా నగరం ఆసుపత్రిలో నర్సు ఇవొనెయిదె ఆ పొడంతా ఓపిగ్గా కడిగి, శుద్ధిచేసిన తిలాపియా చేప తోలు పరిచి కట్టు కట్టింది.

"పుట్టినప్పట్నుంచీ చేపల తోలు ఒలిచావు వదినా. ఇవాళ చేపే నీకు తోలు తొడిగింది," అంది జుల్మీరా.

దల్వనీరా నవ్వలేదు. "మళ్లీ అల్లగలనా?" అని నర్సుని అడిగింది.

"కొత్త చర్మం ఎక్కణ్ణుంచో ఊడిపడదక్కా. అంచుల్లో బతికున్న కణాలు పాక్కుంటూ లోపలికి రావాలి. కింద తడిగా, నున్నగా ఉంటే కదులుతాయి. ఎండి పెచ్చు కడితే దారి దొరక్క ఆలస్యం చేస్తాయి. ఈ తోలు పైన అట్టకట్టినా కింద తడి నిలుపుతుంది. నువ్వు మాత్రం ముట్టుకోకు."

"దిండు గట్టిపడితే ముల్లు దిగదు, అలాగా?"

"ఇంచుమించు అంతే."

కొన్నాళ్లకి కట్టు విప్పారు. తోలు ఎండి చేతికి అతుక్కునే ఉంది. ఓ మధ్యాహ్నం మొగుడు తెచ్చిన చేపల పక్కన కూర్చుంది. బొటనవేలి మొదట్లో తోలు అంచు పైకి లేచి కనబడింది. జాలరి ఇంట్లో అలా లేచిన తోలుని ఎవరూ వదలరు. ఆలోచన వచ్చేలోపే ఎడమ చెయ్యి దాన్ని పట్టి లాగేసింది. దాంతోపాటు కింద అప్పుడే పుడుతున్న గులాబి రంగు చర్మం ఊడొచ్చింది.

ఆసుపత్రికి వెళ్తే నర్సు తిట్టలేదు. "కణాలు సగం దారి వచ్చేశాయక్కా. ఇక్కడ మళ్లీ మొదలు," అంటూ కొత్త ముక్క పరిచింది.

చెయ్యంతా నున్నగా మానింది. బొటనవేలి మొదట్లో మాత్రం మచ్చ తాడులా గట్టిపడింది. వేలు పూర్తిగా తెరుచుకోలేదు. దిండు ముందు కూర్చుని గుచ్చబోతే బలం చాలక ముల్లు దిగలేదు.

తర్వాత అమ్మ వేసిన కుట్టు విప్పి, దిండులోంచి గుప్పెడు అరటాకు తీసేసింది.

"అంత మెత్తగైతే దారం వదులొస్తుంది వదినా," అంది జుల్మీరా.

"రానీ," అంది దల్వనీరా, ముల్లు గుచ్చుతూ. ఈసారి దిగింది.